ముందు మెట్ల మలుపు కొలవండి

ఆటల గది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ముప్పై రెండేళ్ళు ఇండోర్ గేమ్స్ బల్లలు బిగించడమే నా పని. సికింద్రాబాద్‌లో ఒక చిన్న షాపులో క్యారమ్ బోర్డులకు వలలు కుట్టడంతో మొదలుపెట్టాను. తర్వాత టీటీ బల్లలు, స్నూకర్ టేబుళ్ళకు పచ్చ గుడ్డ మార్చడం, చివర్లో ఈ షఫుల్‌బోర్డులు, అంటే బిళ్ళలు జారించి ఆడే పొడుగు బల్లలు. మోకాళ్ళు ఇక చాలన్నాక పని మానేసి ఈ శీర్షిక రాస్తున్నాను. ఈ నెల ఒక్క ఉత్తరానికే సగానికి పైగా చోటు పోయింది. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది బండ్లగూడ జాగీర్‌లో 200 గజాల్లో కట్టుకున్న ఇల్లు. కింద మేము, మొదటి అంతస్తు అద్దెకి, డాబా మీద ఒక పెంట్‌హౌస్ గది. ఆ గది 21 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. తలుపు చిన్న గోడకి ఉంది, లోపలికి తెరుచుకుంటుంది. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వాళ్ళ బేస్‌మెంట్‌లో 22 అడుగుల షఫుల్‌బోర్డ్ టేబుల్ ఉంది. పోయిన ఏడాది వెళ్ళినప్పుడు మేమందరం దానికి అలవాటు పడ్డాం. సంక్రాంతికి వస్తున్నాడు, ఇక్కడా ఒకటి కొందాం నాన్నా అంటున్నాడు. 9, 12, 14, 16 అడుగులవి ఉన్నాయంటున్నారు. వాడు 16 అంటాడు, మా ఆవిడ 9 చాలంటుంది. ఇంట్లో మేమిద్దరం, 82 ఏళ్ళ మా అత్తగారు, సెలవులకి వచ్చే ఇద్దరు మనవలు. ఏది కొనమంటారు? మెట్లు మూడున్నర అడుగుల వెడల్పు, మధ్యలో ఒక మలుపు ఉంది. (రిటైర్డ్ ఉద్యోగి, బండ్లగూడ జాగీర్)

జవాబు: సార్, అడగకుండానే మెట్ల సంగతి రాశారు చూడండి, అక్కడే సగం పని అయిపోయింది. నాకు వచ్చే ఉత్తరాల్లో గది కొలత రాయనివాళ్ళు లేరు. మెట్ల కొలత రాసినవాళ్ళు మీరే మొదలు.

ఈ ఆట చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సన్నగా, పొడుగ్గా ఉండే చెక్క బల్ల. దాని మీద ఇసకలాంటి సన్నటి పొడి చల్లి, ఒక చివర నుంచి లోహపు బిళ్ళల్ని రెండో చివరకి జారేలా నెడతారు. ఎర్రవి నాలుగు, నీలంవి నాలుగు. ఒక్కో బిళ్ళ మూడు వందల గ్రాములు దాటే ఉంటుంది. అవతలి చివర 1, 2, 3 అని గీసిన గడులుంటాయి. ఎంత చివరికి వెళ్తే అంత ఎక్కువ, కాని అంచు దాటితే గాడిలో పడిపోతుంది, సున్నా. అంచు మీద సగం వేలాడుతూ ఆగితే 4. ఎదుటివాడి బిళ్ళల కన్నా ముందున్న మన బిళ్ళలకే లెక్క. క్యారమ్స్ ఆడిన చెయ్యి దీన్ని అరగంటలో పట్టుకుంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ పడితే గెలుపు, ఇక్కడ పడితే నష్టం. కొత్త ఆటేం కాదు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1532లో దీని మీద పందెం కాసి డబ్బు పోగొట్టుకున్నట్టు ఆయన సొంత ఖర్చుల పద్దుల్లోనే ఉంది.

ఇక సైజు. పోటీలకు వాడే బల్ల 22 అడుగులు. బిళ్ళ జారే పలక వెడల్పు 20 అంగుళాలు. దాని చుట్టూ గాడి, దాన్ని మోసే పెట్టె కలిపితే రెండున్నర అడుగుల వెడల్పు వస్తుంది. మంచి రకాల్లో 12 అడుగులదైనా, 16 అడుగులదైనా ఈ వెడల్పు దాదాపు ఇంతే, మారేది పొడవు ఒక్కటే. అందుకే ఇది మన ఇళ్ళకు కుదిరే ఆట. పూల్ టేబుల్ అలా కాదు. ఎనిమిది అడుగుల పూల్ టేబుల్‌కి నాలుగు వైపులా క్యూ కర్ర వెనక్కి లాగాలి కాబట్టి, 17 అడుగుల పొడవు, 13 అడుగుల 4 అంగుళాల వెడల్పున్న గది కావాలి. మీ గదిలో అది పడితే ప్రతి ఆటలో గోడకి సొట్టే. షఫుల్‌బోర్డ్‌లో పక్కల నుంచి ఎవరూ ఆడరు. నిలబడేది చివర్లలోనే.

కాబట్టి చివర్ల లెక్క ముందు చూడాలి. మనిషి బల్ల వెనక నిలబడి, ఒక అడుగు వెనక్కి వేసి, నడుము వంచి నెట్టాలి. రెండడుగులతో సరిపెట్టుకునేవాళ్ళున్నారు కాని, పొట్ట ఉన్నవాళ్ళకు (నాతో సహా) మూడడుగులు కావాలి. మీ గది 21 అడుగులు. ఒక చివర మూడు, రెండో చివర తలుపు రెక్క తిరగాలి కాబట్టి మూడున్నర. మిగిలింది పద్నాలుగున్నర. మీ అబ్బాయి చెప్పిన 16 ఇక్కడే ఎగిరిపోయింది. వాడు బాధపడితే ఈ పేజీ చూపించండి. కాగితం లెక్కలో 14 అడుగులది పడుతుంది.

కాగితం లెక్క నమ్మకండి. నా దగ్గర ఒక పాత పద్ధతుంది. ఎనిమిది మూరల పంచె అంటే 12 అడుగులు. ఆరు గజాల చీర అంటే 18 అడుగులు, జాకెట్టు గుడ్డ ఉంటే అది మడిచెయ్యండి. పంచెను పొడవునా సగానికి మడిస్తే రెండడుగుల వెడల్పు వస్తుంది, బల్ల కన్నా కాస్త తక్కువ. దాన్ని పెంట్‌హౌస్ నేల మీద మీరు అనుకున్న చోట పరచండి. ఇప్పటి పంచెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, టేపు పెట్టి సరిచూడండి. దాని రెండు చివర్లా మీరు, మీ ఆవిడ నిలబడండి. మీ అత్తగారిని పక్కనుంచి నడిచి రమ్మనండి. మనవల్ని పరుగెత్తమనండి. తలుపు తెరవండి. బీరువా ఉంటే దాని తలుపు కూడా తెరవండి. వారం రోజులు అలాగే ఉంచి పంచెను తొక్కకుండా తిరగ్గలిగితే ఆ బల్ల మీ గదికి సరిపోయినట్టే. తర్వాత చీర పరిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. టేపు అంకెలు చెబుతుందే గాని, మన మోచెయ్యి ఎక్కడ తగులుతుందో చెప్పదు.

ఇప్పుడు మెట్లు. పెట్టె, కాళ్ళు విడదీసి తీసుకెళ్ళొచ్చు. పలక మాత్రం ఒకే ముక్క. గట్టి మేపుల్ చెక్క పట్టీల్ని పక్కపక్కన అతికించి చేస్తారు, మంచి వాటికి మూడంగుళాల దాకా మందం ఉంటుంది. రెండు ముక్కలుగా వచ్చే పలకలు కూడా ఉన్నాయి గాని, అతుకు దగ్గర బిళ్ళ ఎగరకుండా బిగించడం నాలాంటివాడికే చెమటలు పట్టించే పని. బల్ల మొత్తం కలిపితే 12 అడుగులదే రెండు మూడు వందల కిలోలు తూగుతుంది.

నాకు జరిగిందొకటి చెబుతాను. పన్నెండేళ్ళ కిందట సైనిక్‌పురి వైపు ఒక ఇంటికి 16 అడుగుల బల్ల ఒప్పుకున్నాను. రెండో అంతస్తు గది 23 అడుగులు. గది మూడుసార్లు కొలిచాను, లెక్క అద్దంలా కుదిరింది. లారీ వచ్చింది, పలక దించాం, ఏడుగురం ఎత్తుకున్నాం. మొదటి మలుపు దగ్గర ముందువాళ్ళ తలలు గోడకి తగిలాయి, వెనకవాళ్ళు ఇంకా వాకిట్లోనే ఉన్నారు. నిలబెట్టి తిప్పుదామంటే పైన స్లాబ్ అడ్డం. పక్కకి వంచుదామంటే రేలింగ్ అడ్డం. గంటన్నర తిప్పలు పడి మళ్ళీ కిందకి దించాం. చివరికి పక్కింటివాళ్ళను బతిమాలి, వాళ్ళ డాబా మీదకి తాళ్ళతో లాగి, అక్కడి నుంచి వీళ్ళ బాల్కనీలోకి అందించాం. బాల్కనీ గ్రిల్ కోయాల్సి వచ్చింది. ఆ గ్రిల్ మళ్ళీ వెల్డింగ్ చేయించిన ఖర్చు నాదే, తప్పు నాది కాబట్టి. అంతా అయ్యాక ఆ ఇంటి పెద్దావిడ కుర్చీలోంచి లేవకుండానే అడిగింది: "గింత కష్టపడి ఎక్కించిన్రు గాని, ఆడేటోళ్ళేరి బిడ్డా?" నిజంగానే ఇంటాయన కొడుకులిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు.

ఆ రోజు నుంచి టేపు ముందు మెట్ల దగ్గర తీస్తాను. మీరూ ఒక పని చేయండి. సెంట్రింగ్ పని చేసేవాళ్ళ దగ్గర వెదురు బొంగులు దొరుకుతాయి. 12 అడుగులకి ఒకటి కోయించండి. దాని రెండు చివర్లా 20 అంగుళాల ప్లైవుడ్ ముక్కలు అడ్డంగా కట్టండి, పలక వెడల్పు తెలియాలి కదా. ఇద్దరు మనుషులు దాన్ని పట్టుకుని వీధి గేటు నుంచి పెంట్‌హౌస్ దాకా నడవండి. మలుపు దగ్గర తిరిగితే పలకా తిరుగుతుంది. మూడున్నర అడుగుల మెట్లలో 12 తిరగడమే కష్టం, 14 సంగతి నేను ముందే ఆశ వదులుకుంటాను. తిరక్కపోతే బయటి నుంచి క్రేన్‌తోనో తాళ్ళతోనో పిట్టగోడ మీదుగా డాబా మీదకి ఎక్కించాలి. అలా ఎక్కించొచ్చు కాని, ముందు తల ఎత్తి మీ వీధి చూడండి. కరెంటు తీగలు, కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు ఇంటి ముందు అల్లుకుని ఉంటే ఆ వైపు నుంచి వద్దే వద్దు. వెనక వైపు ఖాళీ జాగా ఉంటే చూడండి. ఇది ప్రాణాల సంగతి, నాలుగు వేలు మిగులుతాయని కక్కుర్తిపడకండి.

మీ ఆవిడగారి 9 అడుగుల మాట కూడా తీసిపారెయ్యను. కాని 9 అడుగుల బల్ల మీద ఆట వేరే. బిళ్ళ కదిలీ కదలకముందే చివర వచ్చేస్తుంది. చేతిలో బలం ఎంతో తెలుసుకోవడమే ఈ ఆటలో రుచి, ఆ రుచి అక్కడ తక్కువ. అందుకే చిన్న బల్లల్లో కొన్నింటికి పక్కల రబ్బరు కుషన్లు పెట్టి, క్యారమ్స్‌లో రీబౌండ్ కొట్టినట్టు ఆడేలా చేస్తారు. అది సరదా ఆటే, కాని మీరు న్యూజెర్సీలో ఆడింది అది కాదు. ఇంకో సంగతి, చిన్న బల్ల మీద సాధారణంగా అందరూ ఒకే చివర నుంచి ఆడి, బిళ్ళలు తెచ్చుకోవడానికి అవతలికి నడవాలి. 12 అడుగుల నుంచి రెండు చివర్ల నుంచీ హాయిగా ఆడొచ్చు. నలుగురైతే జోడీలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. ఒక చివర నుంచి వచ్చిన బిళ్ళల్నే అవతలివాళ్ళు తిరిగి పంపిస్తారు, ఎవరూ నడవక్కర్లేదు. మీ అత్తగారి కోసం నేను 12 వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే. బల్ల ఎత్తు మన డైనింగ్ టేబుల్ అంతో, ఇంకో రెండు అంగుళాలు ఎక్కువో ఉంటుంది. ఆవిడ ఒక చేత్తో అంచు పట్టుకుని రెండో చేత్తో నెట్టొచ్చు. వెనక కుర్చీ వేసి ఉంచండి, ఆ కుర్చీకి కూడా చోటు కావాలి. పద్నాలుగున్నరలో 14 పెడితే ఆ కుర్చీకి చోటుండదు. 12 పెడితే ఉంటుంది.

పక్కల సంగతి తేలిక. 11 అడుగుల్లో బల్ల రెండున్నర తింటుంది. మరీ గోడకి ఆనించకండి, పడిన బిళ్ళ గాడిలోంచి తీయడానికి చెయ్యి పట్టాలి, ఒక అడుగు వదలండి. రెండో వైపు ఏడడుగుల పైనే మిగులుతుంది. అక్కడ సోఫానో, క్యారమ్ స్టాండో వేసుకోండి. చూసేవాళ్ళు లేకపోతే ఆటేముంది.

మీది డాబా మీద తర్వాత కట్టిన గది అయితే నేల తప్పకుండా చూడండి. వాన నీళ్ళు పోవడానికి డాబాకి వాలు పెడతారు. చాలామంది మేస్త్రీలు ఆ వాలు సరిచేయకుండానే పైన టైల్స్ వేసేస్తారు. కంటికి తెలియదు, బిళ్ళకి తెలుస్తుంది. నీళ్ళు నింపిన గొట్టం పట్టి, బల్ల రెండు చివర్లు వచ్చే చోట మట్టం చూడమని మేస్త్రీకి చెప్పండి. కాళ్ళ కింద మరలుంటాయి, కొద్దిపాటి తేడా అవి సర్దుతాయి. రెండంగుళాలు తేడా ఉంటే ముందు నేల సంగతి చూడాలి. బరువుకి భయం లేదు. డాబా మీదకి మనుషులెక్కే స్లాబ్‌ని చదరపు మీటరుకు 150 కిలోల చొప్పున మోసేలా లెక్క వేస్తారు, ఈ బల్ల బరువును అది పట్టే చోటంతా పంచి చూస్తే అంతకన్నా తక్కువే. రేకుల షెడ్డయితే మాత్రం వద్దు. ఎండకి చెక్క పాడైపోతుంది.

ఎండ అన్నాను కదా. హైదరాబాద్ మే నెల గాలి చెక్కలో తేమ లాగేస్తుంది, జులైలో మళ్ళీ తాగించేస్తుంది. పలక పైకో కిందికో వంగుతుంది. మంచి బల్లలకు పలక కింద అడ్డంగా ఇనుప కడ్డీలు, బోల్టులు ఉంటాయి. వాటిని బిగించి, వదిలి వంపు సర్దుతారు. బల్ల కొనేటప్పుడు కింద పడుకుని చూడండి, అవి లేకపోతే కొనకండి. షాపువాడు నవ్వితే నవ్వనీ. వచ్చిన బల్లను రెండు వారాలు గదిలో అలవాటు పడనిచ్చాక సర్దండి, తర్వాత ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ఒకసారి, వానలు పట్టాక ఒకసారి. పడమటి కిటికీ పక్కన పెట్టకండి. ఏసీ గాలి నేరుగా పలక మీద పడనివ్వకండి.

పొడి గురించి చెప్పకపోతే మీ అత్తగారికి నేను ద్రోహం చేసినట్టే. అది సిలికాన్ పూసలు, చాలా సన్నగా ఉంటుంది, నేల మీద పడితే నున్నటి టైల్స్ మీద కాలు నిలవదు. రెండు చివర్లా కింద రబ్బరు అడుగున్న చాపో, కార్పెట్టో వేయండి, ఆట అయ్యాక ఊడ్వండి. కొన్ని పొడుల్లో మొక్కజొన్న పిండి కలుపుతారు. మన చీమల సంగతి తెలుసుగా, అవి వద్దు. ఒకసారి మా ఇంట్లో పొడి అయిపోతే మా ఆవిడ ముగ్గు డబ్బా తెచ్చి ఇచ్చింది. ముగ్గు పిండి రాతిపొడి, పలకకి గీతలు పడతాయి. అప్పట్నుంచి ఆవిడ డబ్బా, నా డబ్బా వేర్వేరు అరల్లో ఉంటున్నాయి.

మొత్తానికి 12 అడుగులది తీసుకోండి. బొంగు తిరిగాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ప్రశ్న: మాది నిజాంపేటలో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్, ఆరో అంతస్తు. హాలు, డైనింగ్ కలిసి 20 అడుగులు. 9 అడుగుల షఫుల్‌బోర్డ్ కొని, పైన మూత వేసి డైనింగ్ టేబుల్‌గా కూడా వాడుకుందామని మా వారి ఐడియా. పనికొస్తుందా? (గృహిణి, నిజాంపేట)

జవాబు: అమ్మా, బల్ల వెడల్పు రెండున్నర అడుగులు, అది కూడా గాడితో కలిపి. ఎదురెదురుగా రెండు కంచాలు పెడితే మధ్యలో పప్పు గిన్నెకి చోటుండదు. విస్తళ్ళయితే ఇంక చెప్పక్కర్లేదు. మీరు ఒక వరుసలో, మీ అత్తింటివాళ్ళు ఎదురు వరుసలో కూర్చుంటే మోకాళ్ళు పెట్టెకి కొట్టుకుంటాయి, కింద కాళ్ళు చాపుకునే చోటు ఉండదు. పొడుగు బల్ల మీద భోజనం అంటే ఫలక్‌నుమాలోలా 101 మంది కూర్చునేది ఉండాలి గాని, ఇలా వాడితే రెండు పనులూ చెడతాయి. సాంబారు చుక్క పలక మీద పడిన రోజు మీ వారి ముఖం ఊహించుకోండి.

ఇంకా ఆరో అంతస్తు. మన అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో తొమ్మిది అడుగుల పలక ఏటవాలుగా పెట్టినా పట్టదు, మెట్ల మీదే మోయాలి. పైగా ఇనుప బిళ్ళ గాడిలో పడ్డ ప్రతిసారీ కిందింటివాళ్ళకి వినిపిస్తుంది.

మీకు క్యారమ్ బోర్డు చెబుతాను. పోటీ సైజు కొనండి, ఆడే చోటు 29 అంగుళాల చదరం ఉండాలి, ఫ్రేమ్ దళసరిగా ఉండాలి. పిల్లల కోసమని 26 అంగుళాలది కొనొద్దు. పిల్లలు రెండేళ్ళలో పెద్దవాళ్ళవుతారు, బోర్డు పెరగదు. స్టాండు, నాలుగు స్టూళ్ళు కలిపి ఏడడుగుల చదరం చాలు. ఆట అయ్యాక మంచం వెనక నిలబెట్టొచ్చు. నిలబెట్టేటప్పుడు గోడకి తడి లేకుండా చూడండి.

ప్రశ్న: మా కార్పెంటర్ చాలా మంచి పనివాడు. ముషీరాబాద్ టింబర్ డిపోలో టేకు తెచ్చి 12 అడుగుల షఫుల్‌బోర్డ్ తనే చేసిస్తానంటున్నాడు. కొన్నదానిలో సగం ఖర్చు కూడా కాదట. చేయించమంటారా? (సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, తెల్లాపూర్)

జవాబు: పెట్టె, కాళ్ళు చేయించండి. బ్రహ్మాండంగా చేస్తాడు, కొన్నవాటికన్నా అందంగా కూడా. పలక చేయించకండి.

టేకు తలుపులకి రాజు. చెదలు పట్టవు, వానకి ఉబ్బదు. కాని మేపుల్ దానికన్నా గట్టిది. ఇనుప బిళ్ళలు వేలసార్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ జారితే టేకు మీద సొట్టలు పడతాయి. రెండోది, ఒకే వెడల్పు పలకతో చేస్తే ఏ చెట్టు చెక్కయినా వంగుతుంది. సన్న పట్టీలు నిలువుగా అతికించి, పైన గట్టి పూత పోసి, చదునుగా సాన పట్టాలి. దానికి పొడవాటి మెషీన్లు కావాలి. మీ కార్పెంటర్ చేతి రందాతో పన్నెండడుగులు చదును చేయగలిగితే ఆయన అడ్రస్ నాకు పంపండి, కాళ్ళకి దండం పెడతాను.

ప్లైవుడ్ మీద సన్‌మైకా వేసి చేద్దాం అని కూడా ఆయన అనొచ్చు. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగులే వస్తుంది. 12 కావాలంటే అతుకు తప్పదు, ఆ అతుకు మీదకి వచ్చేసరికి బిళ్ళ టక్కుమంటుంది. పిల్లలకి ఎనిమిది అడుగుల సరదా బల్ల కావాలంటే మాత్రం ఇది చవకైన దారే. రెండు వేసవి సెలవులు నడుస్తుంది.

ప్రశ్న: మాకు సెల్లార్‌లో 30 అడుగుల జాగా ఖాళీగా ఉంది. పూర్తి 22 అడుగులది కొనేద్దామా? (పాఠకుడు, నాగోల్)

జవాబు: కొలత ప్రకారం హాయిగా పడుతుంది. కాని సెల్లార్‌కి అనుమతి ఇచ్చేది బండ్లు పెట్టుకోవడానికి, దాన్ని గదిగా మారిస్తే నోటీసు రావచ్చు. అది పక్కన పెట్టినా, 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయా? ఆ వారం ఎన్ని సెల్లార్లలో కార్లు తేలాయో మీ వైపు ఎవర్ని అడిగినా చెబుతారు. కారుకి ఇన్సూరెన్స్ ఉంటుంది. నీళ్ళు తాగిన మేపుల్ పలకని మాత్రం ఏ బోల్టూ సరిచేయలేదు. ఆ వానలు పోయాక నేను ఒక స్నూకర్ టేబుల్ చూడ్డానికి వెళ్ళాను. రాతి పలకలు బాగానే ఉన్నాయి, వాటి కింది చెక్క ఫ్రేమంతా అప్పడంలా లేచిపోయింది. మేడ మీద 18 అడుగుల గది ఉన్నా సరే, అక్కడ 12 అడుగులదే పెట్టుకోండి.

గత నెల సవరణ: టీటీ బల్ల కొలత 9 అడుగులు, 4 అడుగులు అని పోయిన నెల అచ్చయింది. 9 అడుగులు, 5 అడుగులు అని ఉండాలి. ఎత్తు రెండున్నర అడుగులు, అది సరిగ్గానే వచ్చింది. కాచిగూడ నుంచి తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి వాళ్ళ స్కూలు బల్ల టేపుతో కొలిచి, పెన్సిల్‌తో బొమ్మ గీసి పంపింది. తప్పు ప్రెస్‌వాళ్ళది కాదు, నా చేతిరాతది. ఆ అమ్మాయికి ఒక డబ్బా టీటీ బంతులు పోస్టులో పంపాను.